తిరునాళ్ల బొమ్మ కారుతో ట్రాక్టర్ పాఠం

ఈసారి మామిడి గురించి కాదు, పాత ఇనుము గురించి రాస్తున్నా.

పెనుగంచిప్రోలు తిరపతమ్మ తిరునాళ్లలో చిన్నపిల్లలు ఎక్కి ఊగే బొమ్మ కారు మీరంతా చూసే ఉంటారు. అలాంటి పాతదొకటి మా మేనల్లుడు తూకానికి కొనుక్కొచ్చాడు. వాడు డిప్లొమా చదువుతున్నాడు. "మావయ్యా, దీంతో ట్రాక్టర్ సిమ్యులేటర్ చేస్తా" అన్నాడు. అంటే ఎదురుగా తెర మీద పొలం కనపడుద్ది, స్టీరింగ్ మన చేతిలో ఉంటది, తెర మీద ట్రాక్టర్ ఎటు ఒరిగితే మన సీటూ అటే ఒరుగుద్ది.

మా అక్కయ్య తిట్టింది. నేను తిట్టలేదు. మన మెరక పొలాల్లో కుర్రాళ్లు ట్రాక్టర్ నేర్చుకునేది గట్ల మీద, వాగు దిగుళ్లలో. మూడేళ్ల కిందట పక్క ఊళ్లో ట్రక్కు బురదలో దిగబడితే ఒక పిల్లాడు క్లచ్ ఒక్కసారిగా వదిలాడు. వెనక చక్రాలు కదల్లేదు, ముందు చక్రాలు లేచాయి. ఇరవై ఏళ్లు కూడా నిండలేదు వాడికి. ముందు చక్రాలు లేవగానే క్లచ్ తొక్కాలి. అది ఆలోచించి చేసేంత టైము ఉండదు, కాలికి అలవాటై ఉండాలి.

మావాడు చెప్పిందాకా నాకు తెలియదు, సిమ్యులేటర్ పుట్టిందే ఇలాంటి సామానుతోనంట. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన, వాళ్ల నాన్న పియానోలు, ఆర్గన్లు చేసే ఫ్యాక్టరీలోని తిత్తులతో 1929లో ఊగే ఉత్తుత్తి విమానం చేశాడు. మొదట కొన్నది ఎగ్జిబిషన్లలో ఆటలు పెట్టేవాళ్లే! 1934లో టపా మోస్తూ సైనిక పైలట్లు వరసగా చనిపోతే అప్పుడు సైన్యం కొన్నది.

ఇక మన కారు సంగతి. దాని మోటారు ఒకే స్పీడులో తిరగడం తప్ప ఇంకేం చేయలేదు, తీసి పక్కన పెట్టాం. విలువైంది దాని వార్మ్ గేరు పెట్టె. మరమేకులా తిరిగే ఇరుసు పళ్ల చక్రాన్ని నెమ్మదిగా తిప్పుద్ది, చక్రం వైపు నుంచి తోస్తే మాత్రం తిరగదు. కరెంటు పోయినా సీటు దబ్బున పడదు, ఎక్కడిదక్కడే ఆగుద్ది. దానికి లారీ వైపర్ మోటారు బిగించాడు, అది అటూ ఇటూ తిరుగుద్ది. సీటు ఎంత ఒరిగిందో కంప్యూటర్‌కి చెప్పడానికి రేడియోలో సౌండు పెంచే బిరడా లాంటిదే ఒకటి పెట్టాడు.

ఇంకో తమాషా. సీటు కొంచెం వెనక్కి వంచితే, కళ్లు తెర మీద ఉన్నంతసేపూ బండి స్పీడు అందుకుంటున్నట్టే వీపుకి అనిపిస్తది. ఎక్కి చూశా, నిజమే.

ఫ్రేము దగ్గర మాత్రం నేను గట్టిగా పట్టుబట్టా. ఆ కారు పిల్లల బరువుకి చేసింది, పైగా ఏళ్ల తరబడి ఊగింది. పెయింటు కింద పగులుంటే ఎవడికి తెలుసు? వెల్డింగుల దగ్గర పెయింటు గీకించి, కిరోసిన్ పూసి, కాసేపాగి తుడిచి, సుద్దపొడి రాశాం. రెండు చోట్ల సన్నటి నల్ల గీత తేలింది. ఆ ఫ్రేము తీసేసి కొత్త యాంగిల్స్‌తో కట్టించాం. సీటు పది డిగ్రీలు దాటి ఒరక్కుండా అడ్డు, చేతికందేలా ఎర్ర స్విచ్చి పెట్టించా.

నా భయమల్లా ఒకటే. తెర మీద బోల్తా కొడితే ఏమీ కాదు, మళ్లీ మొదలెట్టొచ్చు. కుర్రాళ్లకి అదే ధైర్యం పొలంలోకి వస్తే? అందుకే బోల్తా పడితే ఆ రోజుకి ఆట బంద్ అయ్యేట్టు పెట్టమన్నా. వాడు నవ్వాడు గానీ పెట్టాడు.

మళ్లీ ఆదివారం రెండు సిమెంటు కట్టలు వేసి గంటసేపు ఊపుతాం, పిల్లల్ని ఆ తర్వాతే ఎక్కిస్తాం. మీ దగ్గర మూలన పడున్న పాత ట్రాక్టర్ క్లచ్ పెడల్, స్ప్రింగుతో సహా ఉంటే చెప్పండి, వచ్చి తీసుకెళ్తాం.