లంబసింగి దారిలో వేళ్లు జాగ్రత్త

లంబసింగిలో సూర్యోదయం చూడాలని విశాఖ నుంచి అర్ధరాత్రి దాటాక బైకులెక్కే కుర్రకారుకు నర్సీపట్నం దాటి ఘాట్ మొదలవగానే ముందుగా మొరాయించేవి చేతివేళ్లే. సుమారు 1,000 మీటర్ల ఎత్తులోని ఈ ఊరికి కొర్రబయలు అనే మరో పేరుంది. ఆరుబయట ఉంటే కొయ్యలా బిగుసుకుపోతారని స్థానికులు చెప్పే అర్థం. 5 డిగ్రీల చలిలో 40 కిలోమీటర్ల వేగంతో వెళితే ఒంటికి తగిలేది సున్నా కన్నా దిగువ చలి. కొయ్యబారిన వేళ్లు మలుపులో బ్రేకును సమయానికి నొక్కలేవు. గ్లౌజులొక్కటే చాలవు. ఛాతీ చల్లబడితే వేళ్లకు రక్తప్రసారం తగ్గిపోతుంది. అందుకే జర్కిన్ లోపల దినపత్రిక మడతపెట్టుకోవడం పాత చిట్కా. తిమ్మిరెక్కిన చేతిని మాత్రం సైలెన్సర్‌కు ఆనించకండి, కాలినా తెలియదు. బండి ఆపి చేతులు చంకల్లో పెట్టుకోండి. సూర్యోదయం రేపూ ఉంటుంది.