ఎర్ర గీత, నీలి గీత

సంగారెడ్డి నుంచి హైదరాబాదు పోయే పెద్ద రోడ్డు మీద పటాన్‌చెరు ఉన్నది. ఒకప్పుడు పొలాలూ చెరువులూ ఉన్న ఈ వైపున ఇప్పుడు ఎటు చూసినా కర్మాగారాలే. పొద్దున్నే రాత్రి షిఫ్టు దిగి ఇంటికి పోయేవాళ్లూ, పగటి షిఫ్టుకు బయలుదేరినవాళ్లూ రోడ్డు మీద ఒకరికొకరు ఎదురుపడతారు. కొంచెం ముందుకు పోతే రామచంద్రాపురంలో పెద్ద పెద్ద యంత్రాలు తయారుచేసే బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం వస్తుంది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ పంటల మీద పరిశోధనలు చేసే ఇక్రిశాట్ కూడా పటాన్‌చెరు దగ్గరే ఉన్నది. దాన్ని 1972లో స్థాపించారు.

మా అక్క కాపురం పటాన్‌చెరులోనే. మా బావ ఒక కర్మాగారంలో పని చేస్తాడు. ఈ వారం పగలు, వచ్చే వారం రాత్రి. ఆదివారం కూడా తీరిక దొరకదు. మా అమ్మ సంగారెడ్డిలో ఉంటుంది. అమ్మ అక్క, అంటే మా పెద్దమ్మ, హైదరాబాదుకు అవతల తార్నాకలో ఉంటుంది. ఆమెకు కంటి ఆపరేషను అయింది. "చెల్లెను ఒక్కసారి చూడాలె" అని కబురు మీద కబురు పంపుతున్నది. కాని అమ్మకు బస్సులో చాలాసేపు కూర్చుంటే కడుపులో తిప్పుతుంది. ఆ భయంతో రెండేళ్లుగా అక్కను చూడనే లేదు.

నేను నెల రోజుల్లో ఉద్యోగం మీద వేరే ఊరు పోతున్నాను. నేను పోయాక అమ్మను తార్నాక తీసుకుపోయేదెవరు? అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. మా మేనకోడలికి పన్నెండేళ్లు. చురుకైన పిల్ల.

"ఈసారి తార్నాకకు నువ్వే మమ్మల్ని తీసుకుపోవాలి. నేను వెనక వస్తాను, అంతే" అన్నాను.

"నాకు హైదరాబాదు తెల్వదు కద మామా!" అన్నది పిల్ల.

"ఊరు తెలియనక్కర లేదు. మెట్రో రైలు తెలిస్తే చాలు" అన్నాను.

పటాన్‌చెరు దాకా మెట్రో రైలు రాలేదు. మియాపూర్ నుంచి పటాన్‌చెరుకు 13.4 కిలోమీటర్ల లైను వెయ్యాలని రాష్ట్ర ప్రభుత్వం 2024లో రెండవ దశ ప్రణాళికలో చేర్చి, కేంద్రం అనుమతి కోరింది. అందుచేత మేము మియాపూర్ దాకా బస్సులోనే పోయాం. అది కొద్ది దూరమే కనక అమ్మ ఓర్చుకున్నది.

మన దేశంలో మొదటి మెట్రో రైలు 1984లో కలకత్తాలో నడిచింది. అది నేలకింద పోతుంది. ప్రపంచంలో మొట్టమొదటి నేలకింది రైలు లండనులో 1863లో మొదలయింది. అప్పట్లో దాన్ని ఆవిరి ఇంజన్లు లాగేవి. సొరంగంలో పొగ కమ్మి జనం ఎంత దగ్గి ఉంటారో ఊహించుకోండి! మన హైదరాబాదు మెట్రో నేలకింద పోదు. రోడ్డు మధ్య స్తంభాలు పాతి, వాటిమీద వంతెన కట్టి, దానిమీద పట్టాలు వేశారు. అది కరెంటుతో నడుస్తుంది, పొగ ఉండదు. 2017 నవంబరు 28న దీన్ని ఈ మియాపూర్‌లోనే ప్రారంభించారు.

స్టేషనులో గోడ మీద పెద్ద పటం ఉన్నది. అందులో మూడే గీతలు. ఎర్ర గీత మియాపూర్ నుంచి ఎల్.బి. నగర్‌కు పోతుంది. నీలి గీత నాగోలు నుంచి రాయదుర్గానికి పోతుంది. ఆకుపచ్చ గీత జూబిలీ బస్ స్టేషను నుంచి మహాత్మా గాంధీ బస్ స్టేషనుకు పోతుంది. ఎర్ర గీత మీద 27 స్టేషన్లు, నీలి గీత మీద 23, ఆకుపచ్చ గీత మీద 9.

పిల్ల వేళ్లమీద కూడి, "మొత్తం 59!" అన్నది.

"కాదు, 57" అన్నాను.

కాసేపు పటం కేసి చూసి పిల్ల నవ్వింది. అమీర్‌పేట ఎర్ర గీత మీదా ఉన్నది, నీలి గీత మీదా ఉన్నది. మహాత్మా గాంధీ బస్ స్టేషను ఎర్ర గీత మీదా, ఆకుపచ్చ గీత మీదా ఉన్నది. ఆ రెంటినీ రెండేసిసార్లు లెక్క పెట్టింది! పటంలో అన్నిటికన్నా ముఖ్యమైనవి ఇలాంటి చోట్లే. ఒక గీత దిగి మరొక గీత ఎక్కేది అక్కడే.

"నిజంగా రైలు ఇంత తిన్నగా పోతదా మామా?" అని అడిగింది.

పోదు. రోడ్డు ఎన్ని వంకరలు తిరిగితే రైలూ అన్ని వంకరలు తిరుగుతుంది. స్టేషన్ల మధ్య దూరం కూడా పటంలో ఉన్నట్టు సమానంగా ఉండదు. అయినా ఇలా గీయడానికి కారణం ఉన్నది. 1931లో లండనులో హారీ బెక్ అనే నక్షాలు గీసే ఉద్యోగి ఒక సంగతి కనిపెట్టాడు. రైల్లో కూర్చున్నవాడికి దారిలో ఎన్ని వంకరలున్నాయో అనవసరం. ఏ స్టేషను తరువాత ఏ స్టేషను వస్తుంది, ఎక్కడ బండి మారాలి, ఈ రెండూ తెలిస్తే చాలు. అందుచేత ఆయన కరెంటు తీగల నక్షా గీసినట్టు, నిలువు గీతలూ అడ్డ గీతలూ ఏటవాలు గీతలూ మాత్రమే పెట్టి పటం గీశాడు. పై అధికారులు మొదట ఒప్పుకోలేదు. 1933లో అచ్చు వేస్తే జనం ఎగబడి తీసుకున్నారు. ఇవాళ ఎన్నో దేశాల మెట్రో పటాలు ఆ పద్ధతిలోనే ఉంటున్నాయి.

బండి ఎక్కే ముందు ఒక ఒప్పందం చేసుకున్నాం. జనంలో విడిపోతే, బండిలో పోయినవాళ్లు తరువాతి స్టేషనులో దిగి, దిగినచోటే నిలబడాలి. వెనక ఉన్నవాళ్లు తరువాతి బండిలో అక్కడికి వస్తారు. ఎవరినన్నా అడగవలసివస్తే స్టేషను దుస్తుల్లో ఉన్న ఉద్యోగినే అడగాలి. అమ్మ చేత కూడా ఈ మాటలు రెండుసార్లు చెప్పించింది పిల్ల.

కూకట్‌పల్లి, మూసాపేట, ఎర్రగడ్డ దాటిపోతుంటే అమ్మ కిటికీలోంచి డాబాల మీది నీళ్ల ట్యాంకులూ, ఆరేసిన బట్టలూ చూస్తూ కూర్చున్నది. కడుపులో తిప్పలేదు. పిల్ల మాత్రం కిటికీ చూడకుండా స్టేషన్లు లెక్క పెట్టింది. మియాపూర్ తరువాత పదోది అమీర్‌పేట. అక్కడ దిగాం.

అమీర్‌పేట స్టేషనులో ఒక లైను మీదుగా మరొక లైను పోతుంది. మెట్లు, కదిలే మెట్లు, బాణం గుర్తులు, అన్నిటినీ మించి జనం! పిల్ల నీలి రంగు బోర్డు చూసి, "ఇటు!" అని ముందు నడిచింది. జనం కూడా అటే పోతున్నారు. మేమూ వాళ్లవెంట మెట్లెక్కాం. బండి వచ్చింది. తలుపులు తెరుచుకోగానే వెనకనుంచి ఒక్క తోపు. పిల్ల లోపల పడింది. నేను అమ్మ చెయ్యి పట్టుకుని అడుగు వేసేలోపలే తలుపులు మూసుకున్నాయి. అద్దంలోంచి పిల్ల మొహం ఒక్క క్షణం అగుపించింది. బండి వెళ్లిపోయింది.

"అయ్యో, పిల్ల పోయె!" అని అమ్మ కేక పెట్టింది.

అప్పుడు తల ఎత్తి బోర్డు చూశాను. "రాయదుర్గం" అని ఉన్నది. మేము పోవలసింది నాగోలు వైపు! పొద్దునపూట జనం చాలామంది హైటెక్ సిటీ వైపు ఉద్యోగాలకు పోతారు. వాళ్లు రాయదుర్గం ప్లాట్‌ఫారానికి పోతుంటే, వాళ్ల వెంట మేమూ వచ్చాం. పిల్లకు నేర్పుతానన్న పెద్దమనిషిని, నేనూ బోర్డు చూడలేదు.

తరువాతి బండి రావడానికి కొద్ది నిమిషాలే పట్టింది. ఆ కొద్ది నిమిషాలూ అమ్మ నా చెయ్యి వదలలేదు. ఎవరన్నా మంచిమాట చెప్పి పిల్లను దించనివ్వకపోతే? భయపడి రెండు స్టేషన్లు పోతే? తరువాతి స్టేషను మధురానగర్. బండి ఆగుతుండగానే అమ్మ, "అదిగో!" అన్నది.

స్తంభం పక్కన, దిగినచోటే, కదలకుండా నిలబడి ఉన్నది పిల్ల. కళ్లు నిండా నీళ్లున్నాయి గాని ఏడవలేదు. అమ్మ దాన్ని దగ్గరికి తీసుకున్నది.

"రంగు చూసిన గని, ఆఖరు ఊరి పేరు చూడలే మామా" అన్నది.

"నేను అదీ చూడలేదు" అన్నాను.

మెట్లు దిగి, అవతలి ప్లాట్‌ఫారానికి ఎక్కాం. ఈసారి మెట్ల దగ్గరే పిల్ల ఆగి, "నాగోలు" అని పైకి చదివి, ఆ తరువాతనే కాలు పెట్టింది. అమీర్‌పేట దాటాక ఎనిమిదో స్టేషను తార్నాక. పెద్దమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉన్నది. అక్కాచెల్లెళ్లు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో పిల్ల ఒక తమాషా గమనించింది. పొద్దున మమ్మల్ని దోవ తప్పించిన రాయదుర్గం బండే ఇప్పుడు సరైన బండి! "మంచి బండి, చెడ్డ బండి అని ఉండదు మామా. మనం ఏడ నిలబడ్డం, ఏడికి పోవాలె, అదే లెక్క" అన్నది.

నేను వేరే ఊరు వచ్చేశాక ఒక ఆదివారం రాత్రి ఫోను వచ్చింది. పిల్లా, అమ్మా ఇద్దరే తార్నాక పోయి వచ్చారట. అమ్మ ఫోను తీసుకుని, "నాకు సదువు రాకపాయె బిడ్డా. కని ఎర్రది దిగి నీలిది ఎక్కాలెనని తెలుసు. పేరు పిల్ల సదువుతది" అన్నది.

పిల్లలూ, మీకూ ఒక లెక్క. మియాపూర్ నుంచి గాంధీ ఆసుపత్రికి పోవాలి. ఆ స్టేషను ఆకుపచ్చ గీత మీద ఉన్నది. పోవడానికి రెండు దోవలున్నాయి. పటం తెచ్చుకుని రెండూ కనుక్కోండి. ఎక్కే ప్రతి బండికీ ఆఖరు స్టేషను పేరు రాయడం మాత్రం మరిచిపోకండి!