గుడివాడ జంక్షను

ఉయ్యూరునకు రైలు లేదు. 1908వ సంవత్సరమున బెజవాడనుండి మచిలీపట్నమునకు వేసిన రైలుదారి గుడివాడ మీదుగా పోయినది; బందరు రోడ్డుమీదనున్న మా యూరికి బస్సులు మాత్రమే దక్కినవి. నేను కాపురమునకు వచ్చిన క్రొత్తలో రాత్రులు నిద్ర పట్టెడిది కాదు. పుట్టింటిమీద బెంగయని అందఱు ననుకొనిరి. నిజమునకు నాకు కొఱతయైనది రైలుకూత. పుట్టినది మొదలు అది వినకుండ నిద్రించి యెఱుగను. ఇచ్చట అర్ధరాత్రమున వినవచ్చినది చక్కెర మిల్లునకు పోవు చెఱకు ట్రాక్టర్ల చప్పు డొక్కటే.

మా నాయనగారు స్టేషను మాస్టరు. గుడివాడకు ఇటు నటు నున్న చిన్న స్టేషనులలోనే ఆయన యుద్యోగము గడచినది. రెండేండ్లకొక బదిలీ. కొన్ని చోట్ల క్వార్టర్సు గడప దాటినచో వరిచేలే గాని బడి లేదు. కావున నా చదువు స్టేషనులోనే సాగెను. ఒక బండికిని మఱియొక బండికిని నడుమ ఆయన నాకు భారతము చెప్పిరి, మనుచరిత్ర చెప్పిరి, వసుచరిత్రలో కొంత చెప్పిరి. పద్యము సగములో నుండగా గంట మ్రోగెడిది. ఆయన లేచి టోపీ సవరించుకొని పోయెడివారు. బండి పోయిన పిమ్మట వచ్చి, ఏ పదముకడ నాపిరో సరిగా ఆ పదముకడనే యెత్తుకొనెడివారు. నేను నేర్చిన యన్వయమంతయు అట్లు ఆగి ఆగి నేర్చినదే. ఇప్పటికిని దీర్ఘసమాసము కంటబడినచో నాకు గూడ్సుబండియే జ్ఞప్తికి వచ్చును.

ఉద్యోగము చాలించిన తరువాత నాయనగారు గుడివాడలో, పట్టాలు కనబడునంత దగ్గఱగా, చిన్న యిల్లు కట్టుకొనిరి. నేను పామఱ్ఱు మీదుగా బస్సులో వత్తునని యెఱిగియు ఫోనులో ప్రతిసారియు, "ఏ బండికొస్తున్నావమ్మా?" అని యడిగెడివారు. "మా ఊరికి బండెక్కడిది నాన్నగారూ!" అని నేను నవ్వెడిదానను. 2023 కార్తిక మాసమున ఒక సాయంకాలము అట్లే యడిగిరి. పిల్లల పరీక్షలు కానిండు, వచ్చెదనంటిని. తెల్లవాఱుజామున ఆయన పోయిరని కబురు వచ్చినది. ఆయన తుదిసారి యడిగినదానికి నేను సరిగా బదులు చెప్పలేదన్న తలంపు ముల్లువలె గ్రుచ్చుచునే యుండెను.

సోదరీమణు లెఱిగినదే, పెండ్లియైన కూతురికి తలిదండ్రుల మైల మూడు రాత్రులు. నాలవనాడు స్నానము చేసి తన యింటిపని తాను చూచుకొనవలసినదే. శాస్త్రకారులను తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. అత్తవారింట పొయ్యి ఎవరికోసము ఆగును? నేనును నాలవనాడు ఉయ్యూరు వచ్చి పిల్లలకు క్యారేజీలు సర్దితిని. కాని మూడు రాత్రులలో తీఱినది మైల మాత్రమే. తమ్మునికి ఏడాది పొడుగునను చేయుటకు పని యున్నది. సపిండీకరణము, నెలనెల మాసికములు, పండుగలు మానుట. నాకు చేయుటకేమియు లేదు.

పెద్దలు పురాణము చదువుమనిరి. తిక్కనగారి స్త్రీపర్వము తీసితిని. నాలుగు పద్యములు సాగలేదు. ప్రతి పద్యమును నాయనగారి గొంతుతోనే వినబడెను, సగములో ఆగి పోయినట్లుండెను. తిరిగి వచ్చి యెత్తుకొనువారు లేరు. పుస్తకము మూసి బీరువాలో పెట్టితిని. చిన్ననాటనుండి నన్నాదుకొన్న పుస్తకములే ఆ యేడు నాకు పనికిరాకపోయినవి.

మొదటి మాసికమునకు గుడివాడ పోయితిని. భోక్తలు లేచి, విస్తళ్లు తీసి, అందఱును నడుము వాల్చిన వేళ ఆ యింట కూర్చుండలేక వీధిలోనికి వచ్చి, కాళ్లు తీసికొనిపోయిన వైపు పోయితిని. అవి స్టేషనునకు తీసికొనిపోయినవి. ప్లాట్‌ఫారము టిక్కెట్టు కొని, వేపచెట్టు నీడ పడుచున్న బల్లమీద కూర్చుంటిని.

విజయవాడ స్టేషనులో కన్ను నిలువదు. మద్రాసు, గుంటూరు, కాజీపేట, విశాఖ, మచిలీపట్నము అను అయిదు వైపులకు అచ్చట దారులు చీలును. గుడివాడలో మూడే దారులు: పడమట విజయవాడ, ఆగ్నేయమున మచిలీపట్నము, ఈశాన్యమున భీమవరము. ఈ భీమవరపు దారి 1928లో వచ్చినది. మూడు దారులైనచో మనస్సు పట్టును. ఏ వైపు సిగ్నలు పడినదో చూచి, ఏ బండి వచ్చునో ఊహించి, ఊహ నిజమైనచో చిన్న సంతోషము. కైకలూరు వైపునుండి వచ్చిన తట్టలతో చేపల వాసన దిగును. బందరు బండినుండి పెండ్లివారు దిగుదురు. మరమరాలవాడు ఈ చివరనుండి ఆ చివరకు పరుగిడును. రెండు నిమిషములలో అంతయు సద్దుమణగును. పట్టాలు మాత్రము కొంతసేపు సన్నగా పాడుచుండును.

నా చిన్ననాట ఇది ఒంటిలైను. ఒకే పట్టాలమీద ఎదురెదురుగా రెండు బండ్లు రాకుండుటకు నాయనగారి గదిలో ఎఱ్ఱని ఇనుపపెట్టె యొకటి యుండెడిది. అటువంటిదే ప్రక్క స్టేషనులో మఱియొకటి. రెండింటికిని తీగతో సంబంధము. ప్రక్క స్టేషనువారు గంట కొట్టి సమ్మతించిననే గాని ఈ పెట్టెనుండి ఉక్కుగుండు బయటికి రాదు. ఒక గుండు బయటనున్నంతవఱకు రెండు పెట్టెలలో దేనినుండియు రెండవది రాదు. ఆ గుండును తోలుసంచిలో పెట్టి, సంచిని పెద్ద బెత్తపు వలయమునకు కట్టి, కదలుచున్న యింజనులోని డ్రైవరు చేతికి తగులునట్లు ఎత్తి పట్టెడివారు. అది చేత నున్నవానిదే దారి. ఇప్పుడు జంటపట్టాలు వేసిరి, పైన విద్యుత్తు తీగలు కట్టిరి. ఆ వలయము పట్టువారు ఈ దారిలో కానరారు. నాయనగారు దానిని చూచి, "హాయిగా ఉంది, చెయ్యి నొప్పి లేదు" అనిరి గాని ఆ మాట ఆయన సంతోషముతో అనినట్లు నాకు తోచలేదు.

రెండవ మాసికమునాడు అమ్మ నాయనగారి జేబుపుస్తక మొకటి నాచేతి కిచ్చెను. ఉద్యోగము మానిన తరువాతగూడ ఆయన ప్రతిదినమును స్టేషనుకు పోయి, వచ్చిన బండి, ఇంజను అంకె, ఎన్ని నిమిషము లాలస్యము, ఇవి వ్రాసికొనెడివారట. ఇంటిలో ఎవరికిని తెలియదు. పాలు తెచ్చుటకు పోవుచున్నారనుకొంటిమి. తుదిపుట సగమువఱకు వ్రాసి యున్నది. క్రింది సగమునుండి నేను వ్రాయ మొదలిడితిని. "ఆయన పిచ్చి నీకూ పట్టిందా?" అని అమ్మ విసుగుకొన్నది.

వ్రాయగా వ్రాయగా కొన్ని సంగతులు తెలిసినవి. పెట్టెమీది అంకెలో మొదటి రెండు స్థానములును అది తయారైన సంవత్సరము. పాత నీలిరంగు పెట్టెకు రైలువారు పెట్టిన ఆయుష్షు ఇరువదియైదేండ్లు. అనగా నాయనగారు జెండా ఊపి పంపిన నా చిన్ననాటి పెట్టె లేవియు నేడు తిరుగుటలేదు. ఇది తెలిసిననాడు కొంచెము కష్టపడితిని. మఱునెల నా పెండ్లినాటి యేటి పెట్టె యొకటి ఎదుట నాగినప్పుడు, దానికింక కొన్నేండ్లున్నవని నవ్వుకొంటిని. ఇంజనుమీద డబ్ల్యూ అన్న అక్షరము పెద్దపట్టాలకు గుఱుతు, ఏ యనునది విద్యుత్తుకు, పీ యనునది ప్రయాణికుల బండికి, జీ యనునది గూడ్సుకు. ప్రక్కన షెడ్డు పేరు: బీ.జడ్.ఏ. ఊరు విజయవాడ యైనను రైలువారి లెక్కలో బెజవాడ బెజవాడగానే నిలిచియున్నది.

ఇది మాయింటి పిచ్చి మాత్రమే కాదని మావారు చెప్పిరి. ఆయన బడిలో లెక్కలు చెప్పుదురు. అంకెలున్న చోటెల్ల ఆయనకు ఆసక్తి. ఇంగ్లండులో 1942లో ఇయాన్ ఆలన్ అను రైల్వే గుమాస్తా ఇంజనుల అంకెలన్నియు చేర్చి చిన్న పుస్తకము వేయగా, యుద్ధము జరుగుచున్న ఆ దినములలోనే పిల్లలు దానిని చేతబట్టి ప్లాట్‌ఫారములమీద నిలిచిరట. అంతకు ముందే 1891లో జర్మనీలో మార్క్లిన్ వారు కీ ఇచ్చి నడుపు రేకుబండ్లను, పట్టాలతోగూడ, ఒక కొలత ప్రకారము చేసి అమ్మిరి. మగవారికి బొమ్మలపెండ్లి లేని కొఱత ఇట్లు తీఱినదని నేనంటిని.

ఏమి ఓదార్పు కలిగినదని మీరడుగవచ్చును. ఆ బల్లమీద నన్నెవరు నోదార్పలేదు; అదియే మొదటి సుఖము. ఇంటికి వచ్చినవారందఱు "పెద్దవారు, పుణ్యలోకాలకు పోయారు" అని చెప్పి నా ముఖము చూచెడివారు, నేనేడ్చుచున్నానా లేదా యని. స్టేషనులో ఆ బాధ లేదు. అచ్చట ఒకటే విచారము: బండి యింకను రాలేదే యని. ఇరువది నిమిషములు చూచినచో అది వచ్చును. ఎదురుచూచినది వచ్చుట ఆ యేడు నాకు మఱియెక్కడను లేదు.

ఇక బొమ్మలకొలువు మాట. సంక్రాంతికి మాయింట కొలువు పెట్టుట వాడుక. 2024 సంక్రాంతికి నాకు నిషేధము లేకపోయినను పెట్టలేదు. మా యెనిమిదేండ్ల పిల్ల అడిగి అడిగి ఊరకుండెను. ఆ వేసవిలో అటక సర్దుచుండగా పుట్టింటినుండి తెచ్చుకొన్న బొమ్మల పెట్టెలో నాయనగారు నా చిన్ననాట చేసి యిచ్చిన స్టేషను కనబడినది. అగ్గిపెట్టెల బండి, అట్టముక్క గది, చేయి చాచి నిలుచు పాతకాలపు సిగ్నళ్లు రెండు. ఇంజను చెదపట్టి చేతిలోనే పొడియైనది.

దానికి కఱ్ఱకోసము పిల్లలను వెంటబెట్టుకొని కొండపల్లి పోతిమి. గుడివాడనుండి రైలులోనే విజయవాడ పోయి, అచ్చటనుండి కాజీపేట దారిలో కొండపల్లి దిగితిమి. ఊరిపైన కోట, క్రింద బొమ్మల వీథి. పొణికికఱ్ఱను అఱచేత పెట్టిరి. అంత పెద్ద ముక్క అప్పడమంత తేలిక. వెచ్చబెట్టి తేమ తీసి, అవయవములు వేఱువేఱుగా చెక్కి, చింతగింజల జిగురుతో ఱంపపుపొట్టు కలిపి అతుకులు పూడ్చుదురు. దశావతారములు, అంబారీ యేనుగు, తాడి యెక్కు గీతకాఱుడు, ఎడ్లబండి, అన్నియు నున్నవి. రైలున్నదా యని యడిగితిని. "రైలు మా దగ్గర దొరకదమ్మా, ఏటికొప్పాకవాళ్ళు చేస్తారు. మాది ఎడ్లబండి" అని ముసలాయన నవ్వెను. మాటలనడుమ సంగతి తెలిసికొని, నాలుగు పొణికిముక్కలు కాగితములో చుట్టి యిచ్చి డబ్బు తీసికొనలేదు. ఆ సమయముననే వీథి చివర కాజీపేట గూడ్సు పోవుచుండెను. మా పిల్లవాడు పెట్టెలు లెక్కించి, నడుమ ఆటో అడ్డురాగా లెక్క తప్పి, చాలసేపు అలిగి కూర్చుండెను.

పట్టాలు వేయుట మావారి పని. మన పెద్దపట్టాల నడుమ దూరము 1676 మిల్లీమీటర్లు. లోకమున ఎక్కువమంది చేయు బొమ్మరైళ్లు అసలులో 87వ వంతు. ఆ లెక్కన మనకు 19 మిల్లీమీటర్లకు కొంచె మెక్కువ రావలెను. అంగడిలో దొరకు పట్టాలు 16.5. ఇతరదేశములలో ఎక్కువచోట్ల పట్టాలు మనకన్న ఇఱుకు గనుక వారి కొలత యది. "మన బండి ఇఱుకున పడకూడదు" అని మావారు చీపురుపుల్లలను పట్టాలుగాను, అగ్గిపుల్లలను స్లీపర్లుగాను అతికి, స్కేలు పెట్టి 19 చూచుకొనుచు పది రాత్రులు కూర్చుండిరి. బడిపిల్లల కాగితములు దిద్దుట ఆ పది రాత్రులును వెనుకబడినది.

2024 కార్తికమున సంవత్సరీకము గడచినది. 2025 సంక్రాంతికి కొలువు పెట్టితిమి. మెట్లపైన దేవుళ్లు, క్రింద నేలమీద ఇసుక పోసి, అద్దము పెట్టి చెఱువు చేసి, మొలకెత్తిన ఆవాలతో వరిచేలు చేసి, వాని నడుమ స్టేషను. అమ్మను పండుగకు తెచ్చుకొంటిమి. పేరంటమునకు వచ్చువా రుందురని అమ్మ వెనుకగదిలో తలుపు దగ్గఱగా వేసికొని కూర్చుండెను. నేను పిలిచితిని, తల యడ్డముగా నూపెను. పెంకితనము చేయలేక వచ్చితిని. మా అత్తగారు పసుపుపళ్లెము నాచేత పెట్టి తాను లేచి పోయి, "వదినగారూ, మీ వియ్యపురాలి ఇంట్లో మీరు గదిలో కూర్చుంటే నాకేం బాగుంటుంది? మనవడు బండి నడుపుతాట్ట, వచ్చి చూడండి" అని చేయి పట్టుకొని తీసికొనివచ్చెను. వచ్చినవారిలో ఒకరిద్దఱు చూపులు తిప్పుకొనిరి. మిగిలినవారు జరిగి చోటిచ్చిరి.

అమ్మ గోడ కానుకొని కొంతసేపు ఊరక చూచెను. పిల్లవాడు నోటితో కూత కూసి పొణికి యింజనును స్టేషనులోనికి త్రోసెను. అందఱు నవ్విరి. అమ్మ ముందునకు వంగి, ప్లాట్‌ఫారము ప్రక్కనే నేను నాటిన రెండవ సిగ్నలును పెఱికి చేతిలోనికి తీసికొన్నది.

"ఔటరు ఇంత దగ్గరుంటుందటే? మీ నాన్న చూస్తే ఊరుకుంటారా?" అని, ఆవచేల ఆవలివఱకు చేయి చాచి దానిని ఇసుకలో గ్రుచ్చెను.