ఎర్ర పెన్సిలు గీత

ఆదివారంనాడు పడక్కుర్చీలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. మూడో తరగతి చదువుతున్న మా చిన్నమ్మాయి పుస్తకం పట్టుకుని వచ్చి నిలబడింది.

"నాన్నా! పాఠంలో నిజాల కింద గీత గీసుకు రమ్మన్నారు టీచరుగారు. సరిగ్గా గీశానో లేదో చూడు."

తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి, ఇరవై ఏళ్ళుగా కాలేజీలో పాఠాలు చెబుతున్నవాణ్ణి. మూడో తరగతి పాఠం నాకొక లెక్కా!

పాఠం గోదావరి మీద. మహారాష్ట్రలో నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిందనీ, పొడవు 1,465 కిలోమీటర్లనీ, ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిందనీ ఉంది. నదులన్నిటిలోకీ గోదావరే అందమైనదని చివర ముక్తాయింపు. మా అమ్మాయి తక్కినవన్నీ వదిలేసి, సరిగ్గా ఆ ముక్తాయింపు కిందనే ఎర్ర పెన్సిలుతో రెండు గీతలు గీసింది.

"అది నిజం కాదమ్మా" అన్నాను.

"అయితే అబద్ధమా? రాజమండ్రి రేవులో నువ్వే అన్నావుగా, ఇంత అందమైన నది ఎక్కడా లేదని!" దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అన్నమాట వాస్తవమే. పిల్లల లోకంలో ఉన్నవి నిజమూ అబద్ధమూ రెండే. మధ్యన అభిప్రాయమనే మూడోది ఒకటుందని వాళ్ళకు ఎలా చెప్పడం? నిర్వచనం చెప్పబోయాను. అది మరీ తెల్లమొహం వేసింది.

వంటింట్లోంచి మా ఆవిడ పిలిచింది. "ఇటు రావే. ఈ వంకాయలు అరకిలో. అనుమానముంటే తూచి చూసుకోవచ్చు. వంకాయను మించిన కూర లేదని మీ నాన్నగారంటారు. దాన్ని దేంతో తూస్తావు?"

అమ్మాయి ఫక్కున నవ్వింది. దానికి వంకాయ అంటే గిట్టదు.

ఇక వాక్యం వాక్యానికీ "ఇది తేల్చొచ్చా?" అని అడగడం మొదలుపెట్టింది. పుట్టినచోటు పటంలో చూడొచ్చు. పొడవు కొలవొచ్చు. ఆనకట్ట కట్టిన ఏడు పాత కాగితాల్లో వెతకొచ్చు. మరి అందం? కాసేపు ఆలోచించి గీతలు చెరిపేసి, పక్కన "నాన్నకు అందం" అని రాసుకుంది.

"కొలిచినవాడు తప్పు కొలిస్తే?" అంది వెళ్తూ వెళ్తూ.

"ఇంకొకడు మళ్ళీ కొలుస్తాడు. అలా సరిచూడ్డానికి వీలున్నదే ఇలాంటి మాటల గొప్ప" అన్నాను, కాస్త దర్జాగానే.

ఆ దర్జా ఎంతోసేపు నిలవలేదు. ఒళ్ళో ఉన్న పేపరు చూశాను. ఒక కుర్రవాడు రాశాడు: ఆముక్తమాల్యదలో తెలుగును మెచ్చుకున్న పద్యం ఉన్నమాట వాస్తవం, తెలుగు మాటలు చాలావరకు అచ్చులతో ముగుస్తాయన్నదీ వాస్తవమే, అందుచేత అన్ని భాషలకన్నా తీయనిదనడం మాత్రం అభిమానుల అభిప్రాయం. దాని మీద అడ్డంగా నా ఎర్రగీత! పక్కన "భాషాభిమానం లేదు" అని నా దస్తూరీ. అయిదుకు సున్న.

మా అమ్మాయి తన గీతలు చెరిపేసుకుంది. నాది సిరా గీత, చెరగదు. దాన్ని కొట్టేసి, పొట్టి సంతకం పెట్టి, అయిదుకు అయిదూ వేశాను.

తెలుగే తీయనిదని రేపూ క్లాసులో అంటాను. అది నా అభిప్రాయమని కూడా చెబుతాను. కాని ఇరవై ఏళ్ళుగా ఇలా ఎన్ని సున్నలు చుట్టానో! ఆ పేపర్లు ఇప్పుడు ఎక్కడని వెతకను?