రొట్టె ముక్క

పరదేశం వెళ్ళి వచ్చినవారు అక్కడి మేడలను, వంతెనలను వర్ణించడం పరిపాటి. నేను చూచిన నగరంలో వాటికి కొదువ లేదు. కాని ఈ కళాశాల పూర్వ విద్యార్థిగా నేను చెప్పదలచినది ఒక రొట్టె ముక్కను గురించి.

మా భాయిజాన్ వైద్యవిద్య కోసం రష్యా వెళ్ళి, చదువు ముగిసిన పిమ్మట సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలోనే ఉద్యోగంలో చేరి, ఆ దేశపు యువతిని వివాహమాడాడు. ఆనాటి నుంచి ఆరేళ్ళపాటు అబ్బాజాన్ అతనితో మాట్లాడలేదు. 2019 జనవరిలో నేను ప్రయాణమైనప్పుడు అమ్మీ ఆవకాయ జాడీ కట్టి ఇచ్చింది. అబ్బాజాన్ మాత్రం, "ఆ ఇంటి రొట్టె నీకు సహిస్తుందో లేదో చూచి రా" అని ముఖం తిప్పుకున్నారు.

ఆ ఇంట్లో భాభీకి అమ్మమ్మ ఉన్నది. ఎనభై నాలుగేళ్ళ వృద్ధురాలు. అందరూ 'బాబుష్క' అని పిలుస్తారు. మొదటిరోజే ఆమెకు ఆరు గులాబీలు కొని ఇచ్చాను. ఆమె నవ్వలేదు. మౌనంగా ఒక పువ్వును వేరుచేసి మరొక గ్లాసులో పెట్టింది. బ్రతికి ఉన్నవారికి బేసి సంఖ్యలోనే పూలు ఇవ్వాలనీ, సరిసంఖ్య సమాధులకనీ భాభీ తరువాత చెప్పింది. సిగ్గుతో తల వంచుకున్నాను.

ఉదయం పది గంటలకు గాని తెల్లవారని ఆ చలికాలంలో నాకన్నీ తప్పటడుగులే. గడపకు ఇవతల నిలిచి పొరుగాయనకు కరచాలనం చేయబోతే, ఆయన నన్ను లోపలికి లాగి, ఆ తరువాతనే చేయి కలిపాడు. గడప మీదుగా చేయి కలపడం అశుభమట. దుకాణంలో ఎవరూ చిరునవ్వు నవ్వకపోతే నన్ను ఏవగించుకుంటున్నారనుకున్నాను. ముక్కూ మొహం తెలియని వారిని చూచి ఊరక నవ్వడం అక్కడి అలవాటు కాదని భాయిజాన్ నచ్చజెప్పాడు. మన 'ఆప్', 'తుమ్' వలె, 'మీరు', 'నువ్వు' వలె వారికి 'వీ', 'తీ' ఉన్నాయి. బాబుష్క నన్ను 'వీ' అనే పిలిచేది. ఆ మన్ననలో నాకు దూరమే వినిపించింది.

మూడవనాడు భోజనం వద్ద నల్లని రై రొట్టె పులుపు నాకు రుచించక సగం ముక్క పళ్ళెంలో వదిలాను. బాబుష్క దానిని గుడ్డలో చుట్టి దాచి, సాయంత్రం తన సూపులో ముంచుకొని తిన్నది. "ఇంత కలిగిన ఇంట్లో ఎంగిలి ముక్క ఎందుకు?" అని భాయిజాన్‌ను అడిగాను. అతడు చాలాసేపు మాట్లాడలేదు.

1941 సెప్టెంబరు 8న జర్మన్ సేనలు ఆ నగరాన్ని దిగ్బంధించాయి. అప్పటి పేరు లెనిన్‌గ్రాడ్. 872 రోజులు గడిచిన పిదప, 1944 జనవరి 27న గాని ఆ చెర వీడలేదు. 1941 నవంబరు, డిసెంబరు నెలల్లో కొన్ని వారాలపాటు పిల్లలకు దినానికి దక్కినది 125 గ్రాముల రొట్టె. అందులోనూ పిండి కొంత, పొట్టు కొంత. బాబుష్కకు అప్పుడు ఏడేళ్ళు. ఆ చలికాలంలోనే తల్లి, తమ్ముడు కన్నుమూశారు.

నేలరాలిన రొట్టె ముక్కను కళ్ళకద్దుకొని పైన పెట్టే అమ్మీ నాకు గుర్తుకు వచ్చింది. ఆమె బిడ్డనై నేను చేసిన పని ఇదా అనిపించింది. మరునాడు నా ముక్క పూర్తిగా తిని, బల్లపై రాలిన పలుకులు కూడా వ్రేలితో అద్దుకున్నాను. బాబుష్క చూచింది. ఇంకొక ముక్క నా పళ్ళెంలో వేస్తూ ఏదో అన్నది. అందులో 'తీ' అన్న మాట నాకు వినిపించింది.

జనవరి 27న, దిగ్బంధం తొలగి డెబ్బై అయిదేళ్ళు నిండిన దినాన, మమ్మల్ని పిస్కర్యోవ్ స్మశానవాటికకు తీసుకుపోయింది. అక్కడ లక్షలాది జనం సామూహిక సమాధుల్లో నిద్రిస్తున్నారు. రాళ్ళపై పేర్లు లేవు, సంవత్సరం మాత్రమే ఉన్నది. మంచు కప్పిన దిబ్బలపై పూల ప్రక్కన జనం రొట్టె ముక్కలు ఉంచుతున్నారు. బాబుష్క ఆరు ఎర్రని పూలు లెక్కించి నా చేతికిచ్చింది. ఈసారి లెక్క తప్పలేదు.

తిరుగు ప్రయాణం నాడు అందరం ఒక్క నిమిషం మౌనంగా కూర్చున్నాము. ప్రయాణానికి ముందు అది వారి ఆచారం. లేవగానే బాబుష్క సగం రొట్టె గుడ్డలో కట్టి నా సంచిలో పెట్టింది.

ఇంటికి వచ్చి సంగతంతా చెప్పాను. అబ్బాజాన్ మారు పలుకలేదు. మూట విప్పి, గట్టిపడిన ఆ రొట్టెను తుంచి, కళ్ళకద్దుకొని నోట వేసుకున్నారు. కొంతసేపటికి, "ఫోను కలుపు. ముందు ఆ పెద్దమ్మకు సలాం చెప్పాలి, తరువాత వాడితో మాట్లాడుతాను" అన్నారు.

పరాయివారి ఆచారం వింతగా తోచినప్పుడు, దాని వెనుక ఏ ఆకలి, ఏ మరణం ఉన్నదో అడిగి తెలుసుకోవాలని సోదర విద్యార్థులకు నా మనవి.