ఉగాదికేం పుట్టింది?

ఏమండోయ్, పొయ్యి మీద పాలు పెట్టి రాలేదు కదా? అయితే ఓ ప్రశ్న. సంక్రాంతి ఏటా జనవరి 14నో 15నో బుద్ధిగా వచ్చేస్తుంది. మరి ఉగాదికేం పుట్టింది? 2022లో ఏప్రిల్ 2. 2023లో మార్చి 22. 2024లో ఏకంగా ఏప్రిల్ 9!

"అవును సుమా, ఎందుకబ్బా" అన్నారా? చిక్కారు! ఇప్పుడు నేను చెప్పబోయేదాన్నే బళ్లో వివరణాత్మక వ్యాసం అంటారు. అలా ముఖం ముడుచుకోకండి. ఉపోద్ఘాతం, విషయం, ముగింపు అంటూ మార్జిను గీయించి, చెప్పే సరదా చంపేశారు గానీ, అది అసలు అరుగు మీద పుట్టిన సరుకే.

వినండి. చంద్రుడి లెక్కన పన్నెండు నెలలకు 354 రోజులు. సూర్యుడికి 365. ఏటా పదకొండు రోజుల తేడా. అందుకే ఉగాది వెనక్కి వెనక్కి జరుగుతుంది. తేడా నెలంత కాగానే పంచాంగం ఓ అధికమాసం వేసి సరిచేస్తుంది. 2023లో శ్రావణాలు రెండు వచ్చి, నోములన్నీ నిజ శ్రావణానికి వాయిదా పడలేదూ? అదే. సంక్రాంతి సూర్యుణ్ణి నమ్ముకుంది కాబట్టి దానికి ఈ గొడవ లేదు. ఇలా 'ఎందుకు'కి బదులు చెబితే కార్యకారణ వ్యాసం.

ఇంతకీ అధికమాసాన్ని పట్టేదెలా? అమావాస్య నుంచి అమావాస్య దాకా చూడాలి. ఆ మధ్యలో సూర్యుడు కొత్త రాశిలో అడుగు పెట్టలేదా, అది అధికం! నిర్వచనమూ అయింది, పద్ధతి చెప్పడమూ అయింది. వివరణలో రకాలు విడివిడిగా రావండీ, ఒకదాని కొంగు పట్టుకుని ఒకటి వస్తాయి. పుస్తకాల వాళ్లే వాటిని వేరుచేసి కూర్చోబెడతారు.

పోలిక కూడా కావాలా? రంజాన్‌ని చూడండి. అదీ చంద్రుడి లెక్కే, కానీ అధికమాసం ఊసు లేదు. అందుకే దాదాపు 33 ఏళ్లలో ఋతువులన్నీ చుట్టేస్తుంది. హైదరాబాదులో హలీం కొన్నేళ్లు మండుటెండల్లో, కొన్నేళ్లు చలిలో! నన్నడిగితే చలికే నా ఓటు. అయ్యో, ఓటు వేశానంటే వివరణ పోయి వాదన అయిపోతుంది. ఆ పని పానుగంటివారి 'సాక్షి' వ్యాసాల్లో ఉపన్యాసాలు దంచే జంఘాలశాస్త్రికి వదిలేద్దాం. ఆయన మొదలెడితే ఆపేదెవరు?

వివరించడంలో నాకు మహీధర నళినీమోహన్ అంటే ప్రాణం. చదివింది భౌతికశాస్త్రం, చెప్పింది కథలా. 'క్యాలెండర్ కథ' అని ఓ పుస్తకమే రాశారు. మీ బీరువాలో ఉందా? ఉంటే గోడ మీంచి ఇలా అందించండి. తిరిగిచ్చేస్తాను లెండి, అధికమాసం లోపు!