హుస్సేన్ అయితే ఏంటి?

బరాక్ ఒబామా పూర్తి పేరులో నడుమనున్న మాట హుస్సేన్. ఆయన తాత ఇస్లాం తీసుకున్నప్పుడు ఆ పేరు ఇంట్లోకి వచ్చింది. మనవడు క్రైస్తవుడు. పేరు మాత్రం మిగిలింది. ఆ పేరు చుట్టూ 2008లో నడిచిన గొడవనంతా ఒక తెలుగు పేపరు డెస్కులో కూర్చుని అనువాదం చేసినవాణ్ణి నేను. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగు తీసుకుని బి.ఏ. చేసి, ఇంగ్లీషు వార్తల్ని తెలుగులోకి మార్చి బతికే సాయిబును.

2008 జనవరి 3 రాత్రి అయోవా రాష్ట్రంలో డెమొక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి ఎంపికకు మొదటి పోటీ జరిగింది. ఫలితం తెలిసేసరికి మనకు జనవరి 4 తెల్లారింది. జుమా రోజు. ఒబామాకు దాదాపు 38 శాతం. జాన్ ఎడ్వర్డ్స్, హిల్లరీ క్లింటన్ ఇద్దరూ ముప్పై లోపలే ఆగిపోయారు. నూటికి తొంభైమందికి పైగా తెల్లవాళ్లున్న రాష్ట్రం అది! ఆఫీసులో దళిత మిత్రుడొకడు నా వీపు చరిచి "మనోడు గెలిచిండు భాయ్" అన్నాడు. జుమా నమాజు అయ్యాక మసీదు మెట్ల మీద ఒక ముసలాయన "హుస్సేన్ అంట కదా బేటా, మనోడేనా?" అని అడిగాడు. కాదు చాచా, క్రైస్తవుడన్నాను. "నామ్ తో హమారా హై నా" అని నవ్వుకుంటూ చెప్పులు తొడుక్కున్నాడు. ఒకరికి రంగు మనది. ఒకరికి పేరు మనది. ఇద్దరి సంతోషమూ నిజమే.

అయోవాలో డెమొక్రట్లు అప్పుడు రహస్యంగా ఓటు వేయలేదు. బడుల్లో, చర్చిల్లో గుమిగూడి ఎవరికి నచ్చిన అభ్యర్థి గుంపులో వాళ్లు నిలబడ్డారు. తలలు లెక్కపెట్టారు. నూటికి పదిహేనుమంది చేరని గుంపు చెదిరి మరో గుంపులో కలవాల్సి వచ్చింది. ఇరుగుపొరుగు చూస్తుండగా, తెల్లారితే అవే దుకాణాల్లో ఎదురుపడేవాళ్ల ముందు, హుస్సేన్ అనే పేరున్నవాడి వైపు నిలబడ్డారు తెల్లవాళ్లు. అది తక్కువ మాట కాదు.

మనది రహస్య ఓటు. కానీ ముస్లిం ఓటుకు రహస్యమెక్కడిది? కౌంటింగ్ రోజు "ఈ రౌండు పాతబస్తీ బూతులది" అంటారు. "మీవాళ్లు ఎటు గుద్దిండ్రు?" అని నన్నడుగుతారు. పక్క సీట్లో ఉన్న రెడ్డిని ఆ మాట ఎవరూ అడగరు. ఆయన ఓటరు. నేను ఓటు బ్యాంకు.

అయోవా తర్వాత ఐదు రోజులకే న్యూ హాంప్‌షైర్‌లో హిల్లరీ గెలిచింది. పోటీ జూన్ దాకా సాగింది. సాగినకొద్దీ పుకార్లూ పెరిగాయి. ఒబామా మదరసాలో చదివాడట. ఖురాన్ మీద ప్రమాణం చేశాడట. 2007 జనవరిలో ఖురాన్ మీద ప్రమాణం చేసింది కీత్ ఎలిసన్, అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి ముస్లిం. ఆయన ప్రమాణాన్ని తెచ్చి ఈయనకు అంటగట్టారు. ఫిబ్రవరిలో సిన్సినాటి సభలో ఒక రేడియో వ్యాఖ్యాత ఒబామా పేరులోని హుస్సేన్‌ను పదే పదే పలికాడు. సభ పెట్టుకున్న రిపబ్లికన్ నేత మెక్‌కెయిన్ క్షమాపణ చెప్పాడు. మంచిదే. కానీ ఒక మనిషి సొంత పేరు పలికితే క్షమాపణ చెప్పాల్సి వచ్చిందంటే, అది పేరు కాదు, తిట్టు అయిపోయిందన్నమాట.

తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగకు హసన్ హుస్సేన్‌లు ఆశన్న, ఊశన్నలవుతారు. ఆ పీర్లను ఎత్తుకునేవాళ్లలో హిందువులూ ఉంటారు. హైదరాబాదు నడిబొడ్డున ఉన్న చెరువు పేరే హుస్సేన్ సాగర్. ఆ పేరు ఇక్కడివాళ్ల నోటికి బరువు కాదు.

మరి మా డెస్కులో ఏం జరిగింది? "తాను ముస్లింనన్న ఆరోపణను ఒబామా ఖండించారు" అని వాక్యం తయారైంది. ఆరోపణ! లంచం తిన్నాడంటే ఆరోపణ. భూమి కబ్జా చేశాడంటే ఆరోపణ. ఉర్దూలో ఇల్జామ్ అంటాం. ముస్లిం కావడం ఎప్పటి నుంచి ఇల్జామ్ అయింది? 'ప్రచారం' అని మార్చుదామన్నాను. "ఏజెన్సీ కాపీలో అట్లనే ఉంది కదా భాయ్" అన్నాడు పెద్ద సబ్ ఎడిటర్. ఆయన మతోన్మాది కాదు. రంజాన్‌కు మా ఇంటికొచ్చి షీర్ ఖుర్మా తాగిపోయే మనిషి. వాక్యం అట్లనే అచ్చయింది.

జూన్‌లో డెట్రాయిట్ సభలో హిజాబ్ వేసుకున్న ఇద్దరు అమ్మాయిల్ని ఒబామా వెనక, కెమెరాకు కనబడేచోట కూర్చోనివ్వలేదు కార్యకర్తలు. ఆయన తర్వాత క్షమాపణ చెప్పాడు. అక్టోబరులో మిన్నెసోటాలో ఒక ఆవిడ ఒబామాను అరబ్బు అంది. కాదమ్మా, మర్యాదస్తుడు, కుటుంబీకుడు అని మెక్‌కెయిన్ ఆమెకు సర్దిచెప్పాడు. అరబ్బులకు కుటుంబాలుండవా? చివరికి అక్టోబరు 19న రిపబ్లికన్ మాజీ మంత్రి కోలిన్ పావెల్ టీవీలో అసలు మాట అన్నాడు. ఆయన ముస్లిం కాదు, కానీ అయితే ఏంటి అని. అయోవా నుంచి ఆ మాట కోసం పది నెలలు ఎదురుచూడాల్సి వచ్చింది. 2009 జనవరి 20న ఒబామా పూర్తి పేరు పలికి ప్రమాణం చేశాడు. గెలిచాక హుస్సేన్ తిరిగొచ్చాడు.

2024 ఫిబ్రవరి 27న మిషిగన్‌లో కథ మరోలా నడిచింది. బైడెన్‌కు ఎనభై శాతం పైగా వచ్చింది. కానీ గాజా యుద్ధానికి నిరసనగా లక్షమందికి పైగా, అంటే దాదాపు 13 శాతం, ఎవరికీ కట్టుబడలేదన్న గడిలో ఓటేశారు. అరబ్బులు ఎక్కువగా ఉండే డియర్‌బోర్న్‌లో సగం మంది పైగా అదే చేశారు. వీళ్ల వల్ల ట్రంప్ గెలిస్తే ఎట్లా అన్న ప్రశ్న మొదలైంది. గాజాలో చస్తున్న పిల్లల గురించి వాళ్లు ఏమంటున్నారో వినడం తర్వాతి మాట. ఓట్లు చీలితే పాపం మీదే అని మనకు ఇక్కడా చెబుతుంటారు కదా!

లౌకిక మిత్రులకు ఒక్క మాట. నెహ్రూ తాత ముసల్మాను అని పుకారు పుట్టించేవాళ్లున్నారు. అది అబద్ధం. మీరు వెంటనే వంశవృక్షం తీసి చూపిస్తారు. చూపించండి, అబద్ధాన్ని అబద్ధమనాల్సిందే. కానీ కాదు, కాదు అని మీరు అంత గట్టిగా చెబుతున్నప్పుడు పక్కన నేనున్నానని గుర్తుపెట్టుకోండి. ఆ కాదు తర్వాత ఇంకో చిన్న మాట కలపండి. అయితే ఏంటి?